నలభై ఒక్క ఏళ్లు పట్టిన ధ్రువీకరణ: భారత్–బంగ్లాదేశ్ భూ సరిహద్దు ఒప్పందం, ఒక కేస్ స్టడీ

పెద్ద దేశానికీ దాని చిన్న పొరుగు దేశానికీ మధ్య కుదిరిన ఒప్పందం గురించి మాట్లాడేటప్పుడు చాలామంది సంతకాలు జరిగిన తేదీనే గుర్తుపెట్టుకుంటారు. సర్వే, భూ రికార్డుల పనిలో చాలా ఏళ్లు గడిపి, తర్వాత సరిహద్దు వ్యవహారాలపై అధికారులకు శిక్షణ ఇచ్చే పనిలోకి వచ్చిన నాకు, ఒప్పందాన్ని తమ చట్టం ప్రకారం ఆమోదించామని రెండు దేశాలూ తెలిపే ధ్రువీకరణ పత్రాలు చేతులు మారిన తేదీ అంతకంటే ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. భారత్–బంగ్లాదేశ్ భూ సరిహద్దు ఒప్పందంపై ఇందిరా గాంధీ, షేక్ ముజిబుర్ రహమాన్ 1974 మే 16న సంతకం చేశారు. ధ్రువీకరణ పత్రాల మార్పిడి 2015 జూన్ 6న ఢాకాలో జరిగింది. ఈ రెండు తేదీల మధ్య గడిచిన 41 ఏళ్లలో ఏం జరిగిందో, ఎందుకు అంత కాలం పట్టిందో, చివరికి పని ఎలా పూర్తయిందో పరిశీలించడమే ఈ కేస్ స్టడీ ఉద్దేశం. పెద్ద దేశం ఇచ్చిన మాటకు అడ్డంకులు ఎక్కువగా దాని ఇంట్లోనే ఉంటాయనీ, ఇల్లు చక్కదిద్దుకోకుండా చేసే సంతకం వల్ల కలిగే నష్టాన్ని ముందుగా మోసేది చిన్న దేశమూ, సరిహద్దు మీద బతికే జనమూ అనీ ఈ ఉదంతం నాకు నేర్పింది.

చిక్కు పుట్టిన తీరు

రెండు దేశాల సరిహద్దు పొడవు 4,096 కిలోమీటర్లు. దానిలో అత్యధిక భాగంపై పెద్దగా వివాదం లేదు. చిక్కంతా మూడు చోట్ల ఉంది. మొదటిది, అస్సాం, త్రిపుర, పశ్చిమ బెంగాల్ వైపు మూడు ముక్కలుగా మిగిలిపోయిన సుమారు 6.1 కిలోమీటర్ల గుర్తించని సరిహద్దు. రెండవది, గీత ప్రకారం ఒక దేశానివైనా సాగు, కాపురం రెండో దేశపు జనం చేతిలో ఉన్న ప్రతికూల స్వాధీన భూములు. మూడవది, అన్నిటికంటే కఠినమైనది, ఎన్‌క్లేవ్‌లు.

ఎన్‌క్లేవ్ అంటే చుట్టూ పూర్తిగా మరో దేశపు నేల ఆవరించిన ఒక దేశపు భూమి తునక. అక్కడి జనం వాటిని ఛిట్‌మహల్ అంటారు. కూచ్‌బిహార్ రాజు, రంగ్‌పూర్ పాలకుడు చదరంగంలో ఊళ్లను పందెం కాయడం వల్ల ఇవి పుట్టాయన్న కథ ప్రచారంలో ఉంది గానీ దానికి ఆధారం లేదు. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో మొఘలులకూ కూచ్‌బిహార్ రాజ్యానికీ మధ్య యుద్ధం ముగిసినప్పుడు ఎవరి మనుషుల చేతిలో ఉన్న పల్లెలు వారి కిందనే ఉండిపోయాయి. శిస్తు ఎవరికి కట్టాలన్నది తప్ప అప్పట్లో దానివల్ల ఎవరికీ పెద్ద ఇబ్బంది లేదు. 1947లో రంగ్‌పూర్ తూర్పు పాకిస్తాన్‌లోకి వెళ్లింది. సంస్థానంగా ఉన్న కూచ్‌బిహార్ 1949లో భారత్‌లో చేరి, 1950 జనవరి 1న పశ్చిమ బెంగాల్‌లో కలిసింది. శిస్తు లెక్కల్లోని తేడా అలా అంతర్జాతీయ సరిహద్దుగా మారిపోయింది.

మార్పిడి జాబితాలో భారత్ ఎన్‌క్లేవ్‌లు 111 ఉన్నాయి. ఇవి లాల్‌మొనిర్‌హాట్, పంచగఢ్, కురిగ్రామ్, నీల్‌ఫామారి జిల్లాల్లో, మొత్తం 17,160.63 ఎకరాలు. బంగ్లాదేశ్ ఎన్‌క్లేవ్‌లు 51, మొత్తం 7,110.02 ఎకరాలు. దహలా ఖగ్రాబారి అనే రెండెకరాలకు లోపు పొలం 2015 మార్పిడిదాకా భారతదేశానిది. దాని చుట్టూ బంగ్లాదేశ్ ఎన్‌క్లేవ్, దాని చుట్టూ భారత్ ఎన్‌క్లేవ్, ఆపైన బంగ్లాదేశ్. ప్రపంచంలో అలాంటి అమరిక మరొకటి ఉండేది కాదు. దాన్ని పటంలో వింతగా చూసేవాళ్లే ఎక్కువ. అలాంటి చోట దొంగతనం జరిగితే పోలీసులు రాలేకపోయేవారు, పురుడు వస్తే ఆసుపత్రిలో సొంత చిరునామా చెప్పుకోలేకపోయేవారు, బడిలో చేరాలంటే పక్క ఊరివారెవరినో తండ్రిగా రాయించుకోవలసి వచ్చేది. కరెంటు తీగలు నెత్తిమీదుగా పోయేవి, దీపం మాత్రం వెలిగేది కాదు. జనగణన అధికారులు కూడా దశాబ్దాలపాటు అటు వెళ్లలేదు. దేశం ఉండి కూడా దేశం అందని స్థితి అది.

బేరుబారి

ఈ చిక్కును విప్పే మొదటి ప్రయత్నం 1974 కంటే ముందే జరిగింది. 1958 సెప్టెంబరులో నెహ్రూ, పాకిస్తాన్ ప్రధాని ఫిరోజ్ ఖాన్ నూన్ ఎన్‌క్లేవ్‌ల మార్పిడికీ, పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని బేరుబారి యూనియన్ నంబరు 12 అనే ప్రాంతాన్ని చెరిసగం చేసుకోవడానికీ అంగీకరించారు. దానిపై పశ్చిమ బెంగాల్‌లో వ్యతిరేకత వచ్చింది. రాష్ట్రపతి సుప్రీంకోర్టు సలహా కోరారు. దేశపు నేలను మరో దేశానికి అప్పగించాలంటే 368వ అధికరణం కింద రాజ్యాంగాన్ని సవరించాలని 1960లో కోర్టు చెప్పింది. ఆ ఏడాదే తొమ్మిదో సవరణ వచ్చింది గానీ, వ్యాజ్యాలు, సర్వే జాప్యాలు కలిసి నేల మీద ఏమీ మారకముందే బంగ్లాదేశ్ ఏర్పడిన 1971 వచ్చేసింది.

శిక్షణ తరగతుల్లో నేను అందరికంటే ఎక్కువసేపు నిలిచేది ఈ బేరుబారి అభిప్రాయం దగ్గరే. ఎందుకంటే 1974లో ఒప్పందం రాసినవారికి ఈ షరతు పద్నాలుగేళ్లుగా తెలుసు. నేల ఇవ్వాలంటే రెండు సభల్లో ప్రత్యేక మెజారిటీ కావాలనీ, సరిహద్దు రాష్ట్రాలు ఒప్పుకోకపోతే ఆ మెజారిటీని కూడగట్టడం కష్టమనీ తెలిసి కూడా, ఆ పని ఎప్పటికి, ఎలా పూర్తిచేస్తారో రాసుకోకుండానే సంతకం జరిగింది. ఒప్పందం ధ్రువీకరణకు లోబడి ఉంటుందన్న ఒక్క వాక్యమే దానిలో ఉంది.

బంగ్లాదేశ్ మాత్రం ఆలస్యం చేయలేదు. అదే ఏడాది నవంబరులో తన రాజ్యాంగానికి మూడో సవరణ చేసి ఒప్పందాన్ని ధ్రువీకరించింది. దక్షిణ బేరుబారిపై హక్కు వదులుకుంది. బదులుగా దహగ్రామ్, అంగర్‌పోతా ఎన్‌క్లేవ్‌లు దాని దగ్గరే ఉంటాయి, వాటిని ప్రధాన భూభాగంతో కలపడానికి తీన్ బీఘా దగ్గర 178 మీటర్ల పొడవు, 85 మీటర్ల వెడల్పు గల స్థలాన్ని భారత్ శాశ్వత లీజుకు ఇస్తుంది. సరిహద్దును నేల మీద పూర్తిగా గుర్తించాకే ధ్రువీకరణ అన్నది భారత్ వైఖరి. ఆ వైఖరికి సాంకేతికంగా కారణం ఉంది, కాదనను. కానీ 6.1 కిలోమీటర్ల కోసం 162 ఎన్‌క్లేవ్‌ల జనాన్ని ఆపి ఉంచడం న్యాయమని నేను ఏనాడూ అనుకోలేదు.

తీన్ బీఘా

ఈ ఒప్పందంలో చిన్న దేశానికి అన్నిటికంటే ముందు దక్కవలసింది దహగ్రామ్, అంగర్‌పోతాలకు దారి ఇచ్చే ఈ తీన్ బీఘా నడవా. అదీ 18 ఏళ్లు ఆలస్యమైంది. లీజు షరతులపై 1982లో మళ్లీ అంగీకారం కుదిరింది. నడవా చుట్టుపక్కల భారత్ వైపున్న కుచ్లీబారి, మెఖ్లిగంజ్ ప్రాంత ప్రజలకు తమ ఊళ్లే తెగిపోయి ఎన్‌క్లేవ్‌లుగా మారతాయన్న భయం ఉండేది. ఆందోళనల్లో ప్రాణాలు పోయాయి. వారి భయాన్ని అతిశయోక్తిగా కొట్టిపారేయడం తప్పు. ఛిట్‌మహల్ బతుకును పక్కింటి నుంచి చూసినవారికి ఆ భయం కలగకపోతేనే ఆశ్చర్యం. లీజు ఇవ్వడం నేల అప్పగించడం కిందికి రాదని, కాబట్టి రాజ్యాంగ సవరణ అవసరం లేదని 1990లో సుప్రీంకోర్టు తేల్చాక, 1992 జూన్ 26న నడవా తెరిచారు. అదీ పగటిపూట మాత్రమే, గంట విడిచి గంట. ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉంచడం 2011లో గానీ సాధ్యం కాలేదు.

రాత్రి వేళ దహగ్రామ్‌లో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే గేటు తెరిచేదాకా ఆగవలసి వచ్చిన పరిస్థితిని, దౌత్య పత్రాల్లో ‘అమలులో ఉన్న ఏర్పాటు’ అన్న మాట దాచిపెడుతుంది. ఒప్పందాల అమలును మదింపు చేసేవారు ఆ గేటు దగ్గర నిలబడి లెక్క వేయాలి.

అమలు కాని ఒప్పందం మరో విధంగానూ ప్రాణాలు తీసింది. ప్రతికూల స్వాధీన భూముల దగ్గర రెండు దేశాల సరిహద్దు దళాలు ఎదురుబదురుగా నిలబడి ఉండేవి. 2001 ఏప్రిల్‌లో మేఘాలయ వైపు పిర్దివా దగ్గర మొదలైన గొడవ అస్సాం వైపు బొరోయిబారిలో కాల్పులకు దారితీసి, 16 మంది భారత జవాన్లు చనిపోయారు. బంగ్లాదేశ్ వైపూ మరణాలు సంభవించాయి. గీత ఎక్కడుందో కాగితం మీద రెండు దేశాలకూ తెలిసి ఉండి, దాన్ని అమల్లోకి తెచ్చే చట్టం లేకపోవడం వల్ల జరిగిన నష్టమిది.

2011 ప్రొటోకాల్‌లో మారినదేమిటి

2000 సంవత్సరం తర్వాత ఏర్పడిన ఉమ్మడి సరిహద్దు కార్యవర్గం నెమ్మదిగానైనా పనిని నేల మీదికి తెచ్చింది. 2011 జూలై 14 నుంచి 17 వరకు రెండు దేశాల సిబ్బంది కలిసి ఎన్‌క్లేవ్‌లలో తలల లెక్క తీశారు. బంగ్లాదేశ్‌లోని భారత్ ఎన్‌క్లేవ్‌లలో 37,334 మంది, భారత్‌లోని బంగ్లాదేశ్ ఎన్‌క్లేవ్‌లలో 14,215 మంది, మొత్తం 51,549 మంది తేలారు. ఒక దేశం ఒంటరిగా లెక్కిస్తే రెండో దేశం దాన్ని నమ్మకపోవచ్చు. ఇద్దరూ కలిసి లెక్కించి, ఇద్దరూ సంతకం చేసిన జాబితాపై తర్వాత వాదన రాదు. పెద్ద దేశం చిన్న దేశంతో పనిచేసేటప్పుడు ఇంత సాదాసీదాగా కనిపించే ఉమ్మడి పనే నమ్మకాన్ని పెంచుతుందని నా అనుభవం.

2011 సెప్టెంబరు 6న మన్మోహన్ సింగ్ ఢాకా పర్యటనలో, 1974 ఒప్పందానికి అనుబంధమైన ప్రొటోకాల్‌పై సంతకాలయ్యాయి. గుర్తించని మూడు ముక్కలకూ గీత ఖరారైంది. అంతకంటే విలువైన మార్పు ప్రతికూల స్వాధీన భూముల విషయంలో వచ్చింది. 1974 ఒప్పందం ప్రకారం వాటిని పరస్పరం అప్పగించుకోవాలి. 2011 ప్రొటోకాల్ జనాన్ని కదపకుండా గీతనే కదిపింది, ఎవరి సాగులో ఉన్నది వారికే ఉండేలా సరిహద్దును మళ్లీ గీసింది. అలా భారత్‌కు 2,777.038 ఎకరాలు వచ్చాయి, భారత్ నుంచి 2,267.682 ఎకరాలు పోయాయి. గొలుసు పట్టుకుని పొలాల గట్ల మీద నడిచినవాడిగా చెబుతున్నాను, మనిషిని లేపడం కంటే సరిహద్దు రాయిని లేపడం ఎన్నో రెట్లు తేలిక. ఈ ఇంగితం ఒప్పందంలోకి రావడానికి 37 ఏళ్లు పట్టింది.

ఎన్‌క్లేవ్‌ల మార్పిడిలో భారత్ నుంచి పదివేల ఎకరాలకు పైగా ఎక్కువగా వెళ్తుంది. దానికి పరిహారం అడగకూడదని 1974 ఒప్పందమే చెప్పింది. ఈ ఒక్క అంకె చుట్టూ ఎంతో వాదన నడిచింది. తన పటంలో ఉండి తన తహసీల్దారు ఏనాడూ అడుగుపెట్టలేని భూమిని ‘పోగొట్టుకోవడం’ అంటే ఏమిటో, ఆ వాదన చేసినవారు చెప్పలేకపోయారు. అయినా సరే, ఈ విషయాన్ని సరిహద్దు జిల్లాల జనానికి ముందుగా, ఓపికగా వివరించి ఉండవలసింది. ఆ పని చాలా ఆలస్యంగా మొదలైంది.

పార్లమెంటు దారి

ఢాకా పర్యటనకు అస్సాం, మేఘాలయ, త్రిపుర, మిజోరం ముఖ్యమంత్రులు ప్రధానితో వెళ్లారు. పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి వెళ్లలేదు. అదే పర్యటనలో కుదరవలసిన తీస్తా నదీ జలాల ఒప్పందం ఆగిపోయింది. సరిహద్దు ప్రొటోకాల్‌కూ దాదాపు అదే గతి పట్టేది. 2013 డిసెంబరులో రాజ్యసభలో ప్రవేశపెట్టిన 119వ సవరణ బిల్లు అప్పటి ప్రతిపక్షం, కొన్ని ప్రాంతీయ పార్టీల అభ్యంతరాల మధ్య ముందుకు సాగలేదు. 2014లో ప్రభుత్వం మారాక, విదేశీ వ్యవహారాల స్థాయీ సంఘం శశి థరూర్ అధ్యక్షతన బిల్లును పరిశీలించి, డిసెంబరులో అనుకూలంగా నివేదిక ఇచ్చింది. గతంలో వ్యతిరేకించిన పార్టీయే ఇప్పుడు అధికారంలో ఉండి దాన్ని ముందుకు తీసుకువెళ్లింది. పునరావాస ఖర్చు కేంద్రమే భరించాలని పశ్చిమ బెంగాల్ అడిగింది, కేంద్రం ఒప్పుకుంది. ముడి అక్కడ విడిపోయింది.

చివరి వారంలో కూడా ఒక ప్రమాదం తప్పింది. ఎన్నికల లెక్కలతో అస్సాం భాగాన్ని బిల్లు నుంచి తప్పించాలన్న ఆలోచన వచ్చింది. అలా చేసి ఉంటే బంగ్లాదేశ్‌తో ఖరారైన ప్రొటోకాల్‌కూ మన చట్టానికీ పొంతన లేకుండా పోయేది, ఢాకాతో చర్చలు మళ్లీ తెరవవలసి వచ్చేది. అస్సాం ముఖ్యమంత్రి తరుణ్ గొగోయ్ తమ రాష్ట్రాన్ని వదిలేయవద్దని కోరారు. ఆ ఆలోచన విరమించుకున్నారు. 2015 మే 6న రాజ్యసభ, మరునాడు లోక్‌సభ ఒక్క వ్యతిరేక ఓటూ లేకుండా బిల్లును ఆమోదించాయి. అది నూరవ రాజ్యాంగ సవరణ చట్టమైంది. జూన్ 6న నరేంద్ర మోదీ, షేక్ హసీనా సమక్షంలో పత్రాల మార్పిడి జరిగినప్పుడు మమతా బెనర్జీ కూడా అక్కడ ఉన్నారు. 2011లో ఖాళీగా ఉన్న కుర్చీ 2015లో నిండింది. ఒప్పందం వచనంలో దాదాపు ఏ మార్పూ లేదు.

రాష్ట్రాన్ని ముందే ఒప్పించుకోవాలన్న ఇదే మాట గంగా జలాల విషయంలోనూ కనిపిస్తుంది. 1996 డిసెంబరు 12న దేవెగౌడ, షేక్ హసీనా సంతకం చేసిన ఫరక్కా ఒప్పందానికి ముందు పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు స్వయంగా ఢాకా వెళ్లి వచ్చారు. జనవరి నుంచి మే వరకు ప్రవాహం 70,000 క్యూసెక్కులు లేదా అంతకు తక్కువైతే చెరిసగం అన్న సూత్రం ఆయన రాష్ట్రానికి తేలికైనది కాదు. అయినా ముందే కూర్చుని మాట్లాడారు కాబట్టి సంతకం నిలబడింది. తీస్తాలో రాష్ట్రాన్ని చివర్లో పిలిచారు, సంతకమే పడలేదు.

సముద్ర సరిహద్దుది మరో దారి. అక్కడ బంగ్లాదేశ్ మధ్యవర్తిత్వ ట్రైబ్యునల్‌కు వెళ్లింది. 2014 జూలైలో వచ్చిన తీర్పు వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 చదరపు కిలోమీటర్లను బంగ్లాదేశ్‌కు ఇచ్చింది. భారత్ దాన్ని అంగీకరించింది. బలమైన పక్షం తనకు ప్రతికూలమైన తీర్పును గొణుగుడు లేకుండా ఒప్పుకోవడం వల్ల, మరుసటి ఏడాది భూ సరిహద్దు పనికి అనుకూల వాతావరణం ఏర్పడిందని నా అంచనా.

జనం ఎంపిక

2015 జూలై 6 నుంచి 16 వరకు ఉమ్మడి బృందాలు ఎన్‌క్లేవ్‌లలో తిరిగి, ఏ దేశ పౌరులుగా ఉంటారని ప్రతి కుటుంబాన్నీ అడిగాయి. జూలై 31 అర్ధరాత్రి మార్పిడి అమల్లోకి వచ్చింది. భారత్‌లోని బంగ్లాదేశ్ ఎన్‌క్లేవ్‌ల నుంచి ఒక్కరూ బంగ్లాదేశ్ వెళ్తామనలేదు. అటువైపున్న 37 వేల పైచిలుకు భారత ఎన్‌క్లేవ్ వాసుల్లో భారత్‌కు వచ్చినవారు వెయ్యికి లోపే. అందరూ వస్తారేమోనన్న ముందుచూపుతో తొలుత మూడు వేల కోట్ల రూపాయలకు పైగా వేసిన ఖర్చు అంచనా, చివరికి 1,005.99 కోట్లకు తగ్గింది.

ఇంత తక్కువ మంది వస్తారని నేను అనుకోలేదు. కాగితం మీద భారతీయులు కాబట్టి కనీసం మూడో వంతు మంది వస్తారని నా తరగతుల్లో చెప్పేవాణ్ని. నా లెక్క తప్పింది. మనిషికి జెండా కంటే తాను దున్నిన పొలం, పెద్దల సమాధులు, చితి నేలలు, పక్క ఊళ్లో ఇచ్చిన కూతురే ఎక్కువ దగ్గర. వచ్చినవారిలోనూ చాలామంది దిన్‌హటా, మెఖ్లిగంజ్, హల్దీబారి శిబిరాల్లోని రేకుల గదుల్లో ఏళ్ల తరబడి ఉండిపోయారు. శాశ్వత ఇళ్లు ఆలస్యమయ్యాయి.

దిన్‌హటా శిబిరంలో ఒక పెద్దాయన తన దగ్గరున్న పాత ఖతియాన్ (భూమి హక్కుల రికార్డు) కాగితం తెచ్చి నా ముందు పెట్టారు. మడతల దగ్గర చిరిగిపోయి, బెంగాలీ అక్షరాలు సగం చెరిగిపోయి ఉంది. అటువైపు వదిలి వచ్చిన మూడు బీఘాల పొలానిది. వచ్చే తొందరలో అమ్ముకోలేకపోయారు. “బాబూ, ఈ కాగితం ఇప్పుడు ఏ ఆఫీసులో చూపించాలి?” అని అడిగారు. అది ఏ దేశపు ఏ ఆఫీసులోనూ చెల్లదని ఆయనతో అనడానికి నాకు నోరు రాలేదు. రెండు వైపుల రికార్డులనూ సరిపోల్చి, వదిలి వచ్చిన భూమి విలువ కట్టి, చెల్లింపు ఇప్పించే ఉమ్మడి ఏర్పాటు ఒకటి ప్రొటోకాల్‌లోనే ఉండవలసింది. ఇంత జాగ్రత్తగా చేసిన పనిలో నాకు కనిపించిన పెద్ద లోటు ఇదే. రెండో లోటు తలల లెక్కలో ఉంది. ఆ నాలుగు రోజుల్లో కూలి కోసం దూరప్రాంతాలకు వెళ్లి ఉన్నవారి పేర్లు జాబితాలోకి ఎక్కలేదు. 2015లో ఆ జాబితానే ప్రమాణం కావడంతో ఒకే ఇంట్లో కొందరికి ఎంపిక దక్కి, కొందరికి దక్కలేదు. నాలుగు రోజుల లెక్కకు అనుబంధంగా అభ్యంతరాలు స్వీకరించే గడువు ఒకటి పెట్టి ఉంటే సరిపోయేది.

భూమి కాగితాలు

భారత్‌లో కలిసిన 51 ఎన్‌క్లేవ్‌ల వాసులు 2016 మేలో జీవితంలో మొదటిసారి శాసనసభ ఎన్నికల్లో ఓటు వేశారు. ఓటు వచ్చింది గానీ, కాళ్ల కింద నేల వారి పేరున రికార్డుల్లో లేదు. ఆ భూములకు భారతీయ మౌజా (రెవెన్యూ గ్రామం) నంబర్లు లేవు, హక్కుల రికార్డు లేదు, బ్యాంకుకు చూపించే పత్రం లేదు. పశ్చిమ బెంగాల్ శాసనసభ భూసంస్కరణల చట్టాన్ని 2018 నవంబరులో సవరించాకే వారికి పట్టా హక్కు ఇచ్చే దారి ఏర్పడింది. పౌరసత్వానికీ పొలం కాగితానికీ మధ్య మూడేళ్లు గడిచాయి. ఆ మూడేళ్లూ గట్టు తగాదా వస్తే తీర్చడానికి వారి దగ్గర పెద్దమనుషుల మాట తప్ప మరొకటి లేదు.

ఇప్పుడు శిక్షణకు వచ్చే అధికారులకు నేను ఇచ్చే అభ్యాసం గంగా జలాల మీద ఉంటుంది. ముప్పై ఏళ్ల కాలానికి చేసిన ఆ ఒప్పందం గడువు 2026 డిసెంబరుతో ముగుస్తుంది. ఢాకాకు పంపే ముసాయిదా రాయమని వారిని అడగను. అంతకంటే ముందు కోల్‌కతాలో, పట్నాలో ఎవరెవరితో, ఏ క్రమంలో కూర్చోవాలో, ఏ శాఖ ఏ నెలలో ఏ లెక్క తెచ్చి చూపాలో, ఏ అభ్యంతరానికి ఎవరు ఖర్చు భరిస్తారో రెండు పేజీల్లో రాసి తెమ్మంటాను. ఆ రెండు పేజీలు సరిగా వచ్చాకే ముసాయిదా కాగితం వారి చేతికి ఇస్తాను.